మేకు మాట

ముందు మీరు చూసింది చెప్పండి. అద్దె ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ తాళం తీసి పక్కకి తప్పుకుంటుంది కదా, అప్పుడు ఆ ఖాళీ గోడ మీద మీకేం కనిపించింది? సున్నం అనకండి. సున్నం గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. చిల్లులు కనిపించలేదా? క్యాలెండరు వేలాడిన చోట ఒకటి, దేవుడి పటం ఉన్న చోట ఇంకొకటి, పసిపిల్ల ఉయ్యాల తాడు కట్టిన చోట కాస్త పెద్దది. మీకంటే ముందు అక్కడ బతికి వెళ్ళిపోయిన మనుషులు వాళ్ళు. చూశారా, లేక చూసి కూడా చూడనట్టు "నీళ్ళు ఎన్నింటికి వస్తాయండీ" అని అడిగారా?

కొత్తవలసలో రైలు గేటు దాటి, ఎడమ చేతి సందులోకి తిరిగితే దాలమ్మ ఇల్లు. ఇల్లంటే నాలుగు గదుల వరస. ముందొక వసారా, వెనకొక బోరు. దాలమ్మ జూట్ మిల్లులో నార పీకిన మనిషి. మిల్లు మూసేసిన ఏడాది గేటు ముందు పొయ్యి పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ముందు వరస. చివరికి చేతికొచ్చిన దానితో ఈ గదులు లేపింది. మొదటి గదిలో తనుంటుంది. రెండోదీ మూడోదీ అద్దెకి. నాలుగోది మిగిలిన ఇటుకలతో కట్టింది. దానికి తలుపుంది గానీ కిటికీ లేదు.

అద్దెకిచ్చేవాళ్ళంటే లోకానికి ఒకటే బొమ్మ, నోట్లో పళ్ళు బయటికొచ్చిన రాక్షసుడు. నలభై ఫ్లాట్లున్న ఆసామీనీ, వసారాలో చింతపండు ఎండబెట్టుకునే దాలమ్మనీ ఒకే గాటన కట్టేస్తారు. కట్టేవాళ్ళని ఒక్కసారి ఆ సందులోకి వచ్చి చూడమనండి.

ఆ ఇంట్లో ఎవరైనా ఖాళీ చేసే రోజు దగ్గర పడితే గోడ వాళ్ళ మేకుల్ని వదిలేసేది. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్లు పోతే కొత్తవలస అంతా అదురుతుంది. ఆ అదురుకి దాలమ్మ ఇంట్లో ఒక్క మేకూ రాలదు. బదిలీ ఉత్తరం ఇంకా ఆఫీసులో ఉండగానే, గోడ మీద మేకు మాత్రం మెత్తటి బెల్లంలోంచి పుల్ల ఊడినట్టు ఊడి కింద పడేది. పొద్దున్నే దాలమ్మ వాకిలి ఊడుస్తుంటే అద్దెకున్నవాళ్ళు అరచేతిలో మేకు పెట్టుకుని వచ్చేవాళ్ళు.

"దాలప్పా, ఒదిలీసింది."

"ఒదిలీసిందా? సరే. డ్రమ్ము ఎనకాల బోర్డుంది, తగిలించీ."

అంతే. టూలెట్ బోర్డు ఎక్కేది. ఏడుపుల్లేవు, తగువుల్లేవు. ఎవరినీ ఖాళీ చెయ్యమని నోటితో అనాల్సిన అవసరం దాలమ్మకి ఎప్పుడూ రాలేదు. "నాను ఎవులినీ ఎల్లమన్లేదు. మేకు సెప్తాది, ఆలెల్తారు" అని గొప్పగా చెప్పుకునేది. వీధిలో అందరికీ అది మామూలే. వర్షాలకి ముందు చీమలు గుడ్లు మోసుకెళ్ళినట్టు, ఖాళీకి ముందు మేకులు రాలతాయి. రిటైరైన గణపతిరావు మాస్టారయితే దానికి పేరు కూడా పెట్టాడు, మేకు మాట అని. వీధిలో ఏ ఇంటి తగువైనా మాస్టారి అరుగు మీదే తేలేది. "మేకు మాటకి అప్పీలు లేదు" అనేవాడు.

రెండో గదిలో నూకయ్య కుటుంబం. పట్టాల మీద గ్యాంగు పని. నాలుగో గదిలోకి కృపారాణి వచ్చింది, తల్లి లీలారాణితో. లీలారాణి ఒకప్పుడు బాప్టిస్టు చర్చి తరఫున పల్లెపల్లె తిరిగి ఆడవాళ్ళకి చదువు చెప్పిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కృపారాణి ఆ ఊళ్ళో ఎక్కని గడప లేదు. ముందు "మీరెవుళ్ళు?" అని అడిగేవారు. చర్చి అనగానే సగంమంది ముఖాలు మారేవి. మిగిలిన సగం ఆటోలో పడుకున్న ముసలావిడని చూసి మారేవి. ఇంట్లో మనిషి పోతే నక్షత్రం చూడాలి, నక్షత్రం బాగోకపోతే నెలల తరబడి ఇల్లు మూసుకోవాలి. పోబోయే మనిషికి ఎవరిస్తారు ఇల్లు?

దాలమ్మ ఆటో దగ్గరకి వెళ్ళి తొంగి చూసింది.

"కిటికీ నేదమ్మా దానికి. సీకటిగా ఉంటాది. పర్వానేదా?"

"పర్లేదు పిన్నీ. మా అమ్మకి పాటలొచ్చు. చీకట్లోనూ పాడుకుంటాది."

ఆ గదిలో కృపారాణి కొట్టింది ఒకే ఒక్క మేకు. మంచం తలాపు దగ్గర కొట్టి, దానికి ముళ్ళు వేసిన తాడొకటి కట్టింది. కృపారాణి బజారులో బట్టల కొట్టు వెనక గదిలో జాకెట్లు కుట్టే పనికి వెళ్ళేది. పగలంతా లీలారాణి ఒంటరి. కుడి చేత్తో ఆ తాడు పట్టుకుని, ముడి తర్వాత ముడి అందుకుంటూ, తనంతట తను లేచి కూర్చునేది. లేచి కూర్చుంటేనే పాట. పడుకుంటే గొంతు పూడుకుపోయేది. ఒక మనిషి నిటారుగా ఉండడమనేది ఆ మేకు మీద ఆధారపడి ఉంది.

మూడో గదిలో ధనరాజ్ దిగాడు. స్థలాల బేరాలు చేస్తాడు. తెల్లచొక్కా, నల్ల బండి. "నాలుగు నెలలే పెద్దమ్మా, మా ఇల్లు పూర్తయిపోతాది" అని పాలు పొంగించుకున్నాడు. రైలు గేటు మీద వంతెన రాబోతోందని, సందు వెడల్పవుతుందని, దాలమ్మ స్థలం రేపు బంగారమని అతనికి తెలుసు. కొంటానంటే దాలమ్మ అమ్మనంది. అతను గట్టిగా అడగలేదు. ఒకరోజు గోడకి చిల్లులు పొడిచే డ్రిల్లు మిషను పట్టుకుని మనిషొచ్చాడు. గోడంతా గర్రుమంది. సాయంత్రానికి ధనరాజ్ గదిలో మేకుల బదులు వేలెడు లావు ఇనుప బోల్టులున్నాయి. గోడలో పిడికిలి లోతున దించి, చుట్టూ సిమెంటు కూరి, మరలు బిగించాడు. వాటికి టీవీ, బట్టల బీరువా, పూలదండ వేయించుకున్న తన ఫొటో, అన్నీ తగిలించాడు.

తర్వాత అద్దె ఇవ్వడం మానేశాడు. దాలమ్మ అడిగితే గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఖాళీ సెయ్యమంటావేటి పెద్దమ్మా? సేస్తాను. నీ ఇంటి రూలేటి? మేకు ఒదిలితే ఎల్లాల. ఒదలనీ. ఒదిలిన్నాడు నానే బోర్డు కడతాను."

"అయి మేకులేట్రా? రైలింజను కట్టీసేలాగున్నాయి."

"మేకంటే మేకే. పొడుగని రూల్లో రాసున్నాదా?"

దాలమ్మ మాస్టారి అరుగెక్కింది. గణపతిరావు కళ్ళజోడు తుడుచుకుని, వచ్చి, బోల్టులు ఒక్కొక్కటీ పట్టి ఊపి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"న్యాయంగా చెప్పాలంటే దాలమ్మా, మేకు కదల్లేదు. ఇన్నాళ్ళూ నువ్వే ఆ మాట చెప్పి అందర్నీ పంపావు. ఇవాళ నీకు నచ్చలేదని మార్చేస్తానంటే ఎలా?"

దాలమ్మ దగ్గర మిల్లు యజమానికి ఎదురు నిలబడినప్పుడు మాటలుండేవి. తను పెట్టుకున్న రూలుకి ఎలా ఎదురు నిలబడాలో తెలియలేదు. తలదించుకుని వచ్చేసింది. ఆ రాత్రి అన్నం తినలేదని నూకయ్య భార్య చెప్పింది.

ధనరాజ్ కన్ను ఇక నాలుగో గది మీద పడింది. లీలారాణి పాడితే గోడవతల తన బేరాలు చెడుతున్నాయన్నాడు. "ఆ ముసల్ది ఇక్కడ పోయిందంటే స్థలం ఎవుడూ ముట్టుకోడు పెద్దమ్మా. నీ మంచికే సెప్తన్నాను, పంపీ" అన్నాడు. దాలమ్మ విననట్టు బోరు దగ్గర బిందె తోముకుంది. కానీ ఆ పూట నాలుగో గదిలోకి వెళ్ళి మేకుని వేలితో నొక్కి చూసుకుంది. గట్టిగానే ఉంది. ఊపిరి పీల్చుకుని బయటికొచ్చింది.

ఒక మధ్యాహ్నం దాలమ్మ వడియాలు పెడుతోంది. నాలుగో గదిలోంచి పాట వినిపిస్తోంది. మూడో గదిలో డ్రిల్లు మిషను గర్రుమంది. పాట మధ్యలో తెగిపోయింది, దబ్బుమని చప్పుడు.

వెళ్ళేసరికి లీలారాణి మంచం పట్టీ మీద తల కొట్టుకుని పడి ఉంది. కుడి చేతిలో తాడు ఇంకా పట్టుకునే ఉంది. తాడు చివర మేకుంది.

నూకయ్య పరుగెత్తి కృపారాణిని తీసుకొచ్చాడు. వీధంతా వసారాలో మూగింది. కృపారాణి తల్లి నుదుటికి తడిగుడ్డ పెట్టి, చేతిలోంచి మేకు తీసుకుని, దాలమ్మ ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. అందరూ చాపినట్టే.

"ఒదిలీసింది పిన్నీ."

"ఎక్కడికెల్తావు?"

కృపారాణి లోపలికెళ్ళి చీరలు మడతపెట్టడం మొదలెట్టింది. ఆ చీరలు ఎక్కడ విప్పుకోవాలో ఆమెకే తెలియదు. పెట్టె మీద మూత పడక ముందే వానలు కూడా మొదలయ్యేలా ఉన్నాయి.

ధనరాజ్ గుమ్మానికి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"బాధగానే ఉంది. కానీ మేకు మాట మేకు మాటే."

దాలమ్మ గోడ దగ్గరకి వెళ్ళింది. మేకు ఉన్న చోట చిల్లుంది. వంగి కన్ను పెట్టింది. చిల్లు అవతలిదాకా పోయింది. అందులోంచి ధనరాజ్ గదిలో తిరుగుతున్న ఫ్యాను కనిపించింది.

"మాస్టారూ, ఇలా రండి. కన్నెట్టి సూడండి. గోడ ఒదిలిందా, ఈడు పొడిసినాడా?"

మాస్టారు చూశాడు. చూసి కళ్ళజోడు తీశాడు. "చూశాను. కానీ ఎలా రాలిందన్నది ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు కదా దాలమ్మా. రాలిందా లేదా అన్నదే..."

"ఓ మాస్టారూ!"

ఆ కేక మిల్లు గేటు దగ్గరిది. చాలా ఏళ్ళుగా ఆమె గొంతులో అణిగి పడుకున్నది.

"ఆ రూలెవుడెట్టినాడు? మీ తాతా? కలెక్టరా? నానెట్టినాను! గోడ సెప్తాది, మేకు సెప్తాదని నానే సెప్పుకు తిరిగినాను. ఎందుకో తెలుసా? ఎల్లమని నా నోటితో సెప్పక్కర్నేకుండా పోతాదని! ఉండమని కూడా నా నోటితో సెప్పక్కర్నేకుండా పోయింది. ఇయాల సెప్తన్నాను, ఇనండి. ఈ పిల్ల ఉంటాది. ఈ ముసిలమ్మ ఉంటాది. ఇక్కడే బతుకుతాది. పోయే రోజొస్తే ఇక్కడే పోతాది. నక్షత్రం బాగోకపోతే నాను తలుపు బార్లా తీసి దాంతో మాటాడతాను!"

"పెద్దమ్మా, ఆవేశపడకు. బీపీ పెరుగుతాది" అన్నాడు ధనరాజ్.

"నీకు అద్దె పెరిగిందిరా, ముందు అది సూసుకో. నూకయ్యా, సుత్తి తే!"

నూకయ్య పట్టాల పని సుత్తి తెచ్చాడు. అది గోడనే కూల్చేస్తుందని భార్య గదమాయిస్తే మళ్ళీ పరుగెత్తి చిన్నది తెచ్చాడు. దాలమ్మ వంగిన మేకుని వసారా రాయి మీద పెట్టి సాగగొట్టింది. కృపారాణి చేతిలోంచి చీరలు లాక్కుని మంచం మీద పడేసింది. పాత చిల్లుకి జానెడు పక్కన మేకు మొన ఆనించింది. అరవై దాటిన చెయ్యి, అయినా సుత్తి పక్కకి జారలేదు.

"ఇది నా గోడ" అంది, ఒక దెబ్బ వేస్తూ. "ఇది నానెట్టిన మేకు. నువ్వు దీన్నొదిలితే నన్నూ ఒదిలీ. ఇద్దరం ఒకేసారి ఎల్లిపోతాం."

గోడ ఏమంటుంది? మేకుని తీసుకుంది.

దాలమ్మ తాడు కట్టి, తన ఒళ్ళంతా వేలాడదీసి లాగి చూసింది. లీలారాణి మంచం మీంచి నెమ్మదిగా అంది, "దాలమ్మా, నీ బరువుకి నిలిచిందంటే నాకు భయం లేదు." వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ధనరాజ్ తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న కృపారాణి మంచం కింద ఊడుస్తూ, చీపురు ఆనాల్సిన చోట ఆనకపోతే, "గోడ జరిగినట్టుంది అమ్మా, మంచం అటు లాగుతాను, లేకపోతే తాడు అందదు" అంది. లాగి, పనికి వెళ్ళిపోయింది. అవతల గదిలో ధనరాజ్ బీరువా తలుపు సగం తెరుచుకుని మంచానికి కొట్టుకుంది. విసుక్కుని మంచం జరుపుకున్నాడు. ఆ మర్నాడు సగం కూడా తెరుచుకోలేదు.

వారం తిరిగేసరికి అతను టేపు పట్టుకుని వీధిలో నిలబడి అరుస్తున్నాడు.

"మాస్టారూ! నా గది తగ్గిపోతన్నాది! సూడండి, కొలవండి!"

గణపతిరావు మళ్ళీ వచ్చాడు. ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు. బోల్టులు ఒక్కొక్కటీ పట్టి ఊపాడు.

"ఇవి కదిలాయా?"

"బోల్టులు కదల్నేదండీ, గోడ కదుల్తన్నాది!"

"మేకు కదలనంతవరకు ఉండొచ్చని నువ్వే కదయ్యా అన్నావు. కదల్లేదు. హాయిగా ఉండు."

మాస్టారు మెట్లు దిగుతూ దాలమ్మ వైపు చూడలేకపోయాడు. దాలమ్మే పిలిచి ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

గోడ రోజూ జరిగింది. బోల్టుల్ని, టీవీని, బీరువాని, పూలదండ ఫొటోని అన్నిటినీ మోసుకుంటూ ధనరాజ్ మీదకే జరిగింది. పీకేద్దామంటే అవి రావు, అంత గట్టిగా దించాడు. డ్రిల్లు మిషను మనిషిని పిలిస్తే, మిషను నిలబెట్టడానికి చోటు లేదని వెళ్ళిపోయాడు. చివరికి ధనరాజ్ పక్క మీద వెల్లకిలా పడుకుంటే ఫొటోలో దండ వేసుకున్న ధనరాజ్ జానెడు దూరంలో వంగి చూస్తుండేవాడు. బతికుండగానే తన ఫొటో ముందు తనే పడుకోవడం ఎవడికైనా కష్టమే.

ఒక ఉదయం అతను మంచం విప్పి ముక్కలుగా బయటికి మోసుకున్నాడు. తను పక్కవాటుగా, పొట్ట లోపలికి లాక్కుని బయటపడ్డాడు. తెల్లచొక్కా వీపున సున్నం.

"కేసెడతాను పెద్దమ్మా."

"ఎట్టు బాబూ. గోడ మీదెట్టు. సమన్లు దానికే ఇయ్యి."

నూకయ్య పిల్లలు బండి వెనకాల సందు చివరిదాకా కేకలేస్తూ పరుగెత్తారు. దాలమ్మ వాళ్ళని ఆపలేదు.

గోడ ఆ రోజుతో ఆగింది. ఎక్కడ ఆగిందంటే, మూడో గది వీధి కిటికీ దాటాక ఆగింది. ఆ కిటికీ ఇప్పుడు నాలుగో గదిది. కృపారాణి కిటికీ కింద కుట్టుమిషను వేసింది. బట్టల కొట్టు పని మానేసింది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఇప్పుడు సందులోకే వస్తున్నారు. వచ్చినవాళ్ళు లీలారాణితో మాట్లాడి మరీ వెళ్తున్నారు. పగలంతా లీలారాణి ఇక ఒంటరి కాదు. సందు చివర పట్టాల మీద కిరండూలు గనుల వైపు వెళ్ళే గూడ్సు వస్తే లీలారాణి తాడు అందుకుని, ఒక్కో ముడీ పట్టుకుని లేచి, పెట్టెలన్నీ పోయేదాకా చూస్తుంది. ఆ తర్వాత పాట. నెలాఖరుదాకా కూడా బతకదని ఆస్పత్రిలో చెప్పారట, ఎప్పుడో.

మూడో గది మాత్రం పోయింది. అందులో మనిషి పక్కకి తిరిగి నడవాలి. చీపుర్లు, బిందెలు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ గది అద్దె మీదే దాలమ్మ పొయ్యి సగం వెలిగేది. ఇప్పుడామె మళ్ళీ గోనె సంచులు తెచ్చుకుని వసారాలో కుడుతోంది. కళ్ళు సరిగ్గా కనబడక సూది వేలికి గుచ్చుకుంటే తిడుతుంది, సూదిని.

వీధి ఊరుకోదు కదా. "పాపం ముసల్ది, ఎలా బతుకుతాది" అని అందరూ అనుకున్నారు. నిజంగానే జాలిపడ్డారు. బొబ్బిలి నుంచి మంచి మేస్త్రి వచ్చాడు, ఒక్క రోజులో గోడ పడగొట్టి పాత చోట కట్టేస్తాడు అన్నారు. ఇసుక కూడా వీధే పోగుచేసి తెచ్చింది. కృపారాణి కూడా కళ్ళు దించుకుని, "కట్టించుకో పిన్నీ, మాకు అలవాటేగా చీకటి" అంది.

దాలమ్మ మేస్త్రికి టీ ఇచ్చింది. ఇసుక తెచ్చినవాళ్ళకి దండం పెట్టింది.

"కట్టను" అంది. "గోడ నా మాట ఇని ఎల్లింది. ఇప్పుడు ఎనక్కి రమ్మనడానికి నాకు మొకం నేదు. ఆకలేసినప్పుడు ఆకలేసిందని మీకే సెప్తాను, అప్పుడు తలుపేసుకోకండి."

ఆమె జవాబు అది. వీధిలో సగంమందికి నచ్చింది, సగంమంది మొండిది అన్నారు. ఇక మిమ్మల్ని అడగాలి. ఇల్లు మీదే అనుకోండి. పొయ్యి మీదే, సగమే వెలుగుతోంది. మేస్త్రి తాపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ఇసుక తడిపి ఉంది. లోపల ఒకావిడ ముడి తర్వాత ముడి అందుకుంటూ ఇప్పుడే లేచి కూర్చుని, కిటికీలోంచి గూడ్సు మొదటి పెట్టె కోసం చూస్తోంది. మేస్త్రి మిమ్మల్నే అడుగుతున్నాడు, గోడ ఎక్కడ కట్టమంటారు?